అతుకును తడిమి చూసే తీగ

పెరియపాళయం నుంచి ఊత్తుకోట మీదుగా పోతే సత్యవేడు, దాని పక్కన శ్రీసిటీ. ఇటు నైరుతికి తిరిగితే తిరువళ్లూరు. రెండు వైపులా మట్టి తవ్వే, మోసే భారీ యంత్రాల కర్మాగారాలున్నాయి. తిరువళ్లూరులో 1970ల మొదట్లో హిందుస్థాన్ మోటార్స్ పెట్టిన ప్లాంటు తర్వాత కాటర్‌పిల్లర్ చేతికొచ్చింది. శ్రీసిటీలో జపాన్ కంపెనీ కోబెల్కో ఎక్స్‌కవేటర్లు చేస్తుంది. ఇలాంటి యంత్రాల ఒళ్లంతా మందపాటి ఉక్కు పలకల అతుకులే.

మందపాటి పలకతో ఒక చిక్కుంది. కోతలో కొంచెం తేడా వస్తుంది, పలకలను తాత్కాలికంగా అతికే టాక్ పెట్టేటప్పుడు ఇంకొంచెం జరుగుతుంది, వేడికి వంగుతుంది. నిన్నటి జాబ్‌లో అతుకు ఉన్న చోట ఇవాళ్టి జాబ్‌లో ఉండదు. వెల్డింగ్ వైరు మందమేమో తరచుగా 1.2 మిల్లీమీటర్లు. అది రెండు మిల్లీమీటర్లు పక్కకు పడితే లోహం ఒక గోడకే అంటుకుని రెండోది వదిలేస్తుంది. పైకి నున్నగా కనిపించే ఆ అతుకు బరువు పడ్డ రోజున విడిపోతుంది. అందుకే రోబో వెల్డింగ్ చరిత్రలో ఇనప చెయ్యి కన్నా, వైరు కొనను సరైన చోట నిలపడమే పెద్ద కథ అంటాను.

ఆ కథ రోబో కన్నా చాలా ముందే మొదలైంది. రాడ్డుతో వెల్డింగ్ చేసేటప్పుడు, రాడ్డు కొనకూ పలకకూ మధ్య మండే ఆర్క్ పొడవు వెల్డర్ మణికట్టులో ఉంటుంది. రాడ్డు కరిగేకొద్దీ చెయ్యి కిందికి దిగాలి. 1920లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌లో పి.ఓ. నోబెల్ ఆ పనిని యంత్రానికి అప్పగించాడు. ఆర్క్ వోల్టేజిని బట్టి వైరు వేగం మారేలా చేసి, అరిగిన మోటారు షాఫ్టుల మీద, క్రేన్ చక్రాల మీద లోహం నింపాడు. 1948లో బాటెల్ మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్‌లో వైరు సన్నబడింది, వోల్టేజి స్థిరపడింది. ఇప్పుడు వైరును పట్టుకునే టార్చి పలకకు దగ్గరైతే కరెంటు పెరుగుతుంది, వైరు త్వరగా కరుగుతుంది, ఆర్క్ తన పొడవుకు తానే తిరిగొస్తుంది. మన షెడ్లలో సీఓటూ వెల్డింగ్ అంటున్నది ఈ వంశానిదే.

పైకీ కిందికీ లెక్క కుదిరింది. అడ్డంగా ఎటు పోవాలో మాత్రం ఇంకా మనిషి కన్నే చూడాలి. 1974లో కవాసాకి తన మోటార్‌సైకిల్ ఫ్రేముల కోసం ఆర్క్ వెల్డింగ్ రోబోను పనిలో పెట్టింది. రోబో తనకు నేర్పిన దారిలో తప్పకుండా పోయేది, అతుకు ఆ దారిలో ఉన్నా లేకపోయినా. జాబ్‌ను కదలకుండా ఫిక్స్చర్‌లో బిగిస్తే సన్న గొట్టాలకు అది చాలుతుంది. మందపాటి పలకకు చాలదు.

దారి వైరులోనే దొరికింది. ఆర్క్ వెలిగించకముందు వైరుకు సెన్సింగ్ వోల్టేజి ఇచ్చి, టార్చిని నెమ్మదిగా పలక వైపు నడుపుతారు. చీకట్లో స్విచ్ కోసం గోడను తడిమినట్టు వైరు వెళ్లి తగులుతుంది. తగిలిన క్షణాన సర్క్యూట్ కలుస్తుంది, రోబో ఆ స్థానం రాసుకుంటుంది. పైనుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి తాకితే అతుకు ఎంత జరిగిందో తెలుస్తుంది. ఇంకో చోట కూడా తాకితే ఎంత మెలిక తిరిగిందో తెలుస్తుంది. నేర్పిన దారంతా ఆ మేరకు జరుగుతుంది.

అయితే కొలిచే కర్ర పొడవు మారితే కొలతే తప్పు. అందుకే తాకబోయే ముందు రోబో ఒక కత్తెర దగ్గరికి వెళ్లి, టార్చి కొసనున్న కాంటాక్ట్ టిప్ నుంచి బయటికొచ్చిన వైరును ఒకే పొడవుకు, ఉదాహరణకు 15 మిల్లీమీటర్లకు, కత్తిరించుకుంటుంది. తాకినప్పుడు వైరు వెనక్కి జారకుండా బ్రేకు పట్టుకుంటుంది. ఇంత చేసినా చుట్టలోంచి వచ్చిన వంపు వైరును వదలదు. ఆ టిప్ రంధ్రం అరిగిందంటే కొన పక్కకు పోతుంది. చిన్న రాగి ముక్క, సమయానికి మార్చకపోతే ఖరీదైన రోబో గురి తప్పుతుంది.

తాకడం వెల్డింగ్‌కు ముందు సంగతి. వెల్డింగ్ జరుగుతుండగా వేడికి పలక కదిలితే? 1980ల మొదట్లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ కుక్ వంటివారు ఆర్క్‌నే అడిగారు. టార్చి అటూ ఇటూ ఊగుతూ పోతుంది. గోడకు దగ్గరైన కొసన కరెంటు పెరుగుతుంది. రెండు కొసల్లో కరెంటు సమానమైతే వైరు మధ్యలో ఉన్నట్టు, ఒకవైపు ఎక్కువైతే అటు జరిగినట్టు. వేరే కన్ను అక్కర్లేదు. పొగ, నిప్పురవ్వల మధ్య కూడా పనిచేసే ఈ ఉపాయం నాకు అన్నిటికన్నా అందంగా కనిపిస్తుంది.

సన్న రేకుల మీద మాత్రం ఇది నిలవదు. అంచు వెంటనే కరిగిపోతే ఆనుకోవడానికి గోడ ఉండదు. అలాంటిచోట టార్చికి ముందు నడిచే లేజర్ కన్ను కావాలి. వైరుతో తాకి చూడ్డానికి తుప్పు, రంగు అడ్డం. పైగా ఒక్కో తాకుడుకు కొన్ని సెకన్లు పోతాయి. కాబట్టి ఎక్కడ తాకాలో, ఎక్కడ మానాలో ఎవరో ముందే నిర్ణయించాలి. ఏ మూల వేడికి ముందుగా లేస్తుందో, ఏ అంచు కోతలో తేడా పడుతుందో ఎరిగిన పాత వెల్డర్‌ను ఈ పనిలో కూర్చోబెట్టిన షెడ్డులో గ్రైండర్ పట్టి సరిదిద్దే అతుకులు తక్కువ.