తుపాకీ దరఖాస్తులో మత్తు ప్రశ్న

పంట మీద పడే అడవిపందుల బెడద తట్టుకోలేక ఎల్లారెడ్డి డివిజన్ రైతు మందు కూరి పేల్చే తుపాకీకి లైసెన్సు అడగొచ్చు. బ్యాంకు కాపలా కొలువు కోసం కామారెడ్డిలో ఓ మాజీ సైనికుడు డబుల్ బ్యారెల్‌కు దరఖాస్తు పెట్టొచ్చు. ఇద్దరూ ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. మనిషి శరీరం, మనసు సరిగ్గా ఉన్నాయని, మత్తు పదార్థాలకు బానిస కాదని ఆయన ఎస్-3 ఫారంలో ధ్రువీకరించాలి.

ఈ నిబంధన 2016 జులై 15న వెలువడిన ఆయుధ నియమాలతో వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 11న, దసరా రోజున, నిజామాబాద్ నుంచి విడిపోయి కామారెడ్డి జిల్లా ఏర్పడింది. కొత్త కలెక్టరేట్ తొలిరోజు నుంచే కొత్త నియమాలు అమల్లో ఉన్నాయన్నమాట.

లైసెన్సుల కాలం

ఒకప్పుడు తుపాకీకీ లైసెన్సే, గంజాయికీ లైసెన్సే. 1857 తిరుగుబాటు భయం వీడని బ్రిటిష్ పాలకులు 1878లో ఆయుధ చట్టం తెచ్చారు. వైస్రాయ్ లిట్టన్ హయాంలో వచ్చిన ఆ చట్టం భారతీయులను లైసెన్సు అడిగింది, యూరోపియన్లను వదిలేసింది. గంజాయి సంగతి తేల్చడానికి 1893లో వేసిన కమిషన్ 1,193 మంది సాక్షులను విచారించింది. పూర్తి నిషేధం అక్కర్లేదని, పన్ను వేసి అదుపులో ఉంచితే చాలని తేల్చింది.

నిజాం రాజ్యంలో తుపాకీ హోదాకు గుర్తు. నాగిరెడ్డిపేట దగ్గర 1916-22 మధ్య కట్టిన పోచారం ప్రాజెక్టు చుట్టూ ఉన్న అడవి నిజాం వేటస్థలం. ఊళ్లలో తుపాకులు దొరల గడీల్లో ఉండేవి. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటంలో దళాలు ఆ తుపాకుల మీదా గురిపెట్టాయి.

స్వతంత్ర భారతం చేసిన 1959 ఆయుధ చట్టం 1962 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చింది. మతిస్థిమితం లేనివారికి, ఏ కారణంగానైనా అనర్హులనిపించినవారికి లైసెన్సు నిరాకరించాలని 14వ సెక్షన్ చెబుతుంది. అందులో గంజాయి ఊసు లేదు. 1985 నవంబర్ 14న మత్తు పదార్థాలను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చాక గంజాయి తాగడమే నేరమైంది. ఇప్పుడు దానికి ఆరు నెలల జైలు, పది వేల రూపాయల జరిమానా దాకా శిక్ష పడొచ్చు. భంగు ఆకును మాత్రం ఆ చట్టం గంజాయిగా లెక్కించలేదు.

అమెరికాలో మరో తీరు

మన ఫారం మత్తుకు బానిసా అని మాత్రమే అడుగుతుంది. అమెరికా 1968 చట్టం ఇంకో అడుగు ముందుకేసి, చట్టవిరుద్ధంగా మత్తు వాడే ఎవరికైనా తుపాకీ కొనే హక్కు లేదంది. రాష్ట్రం గంజాయిని అనుమతించినా కేంద్ర చట్టం ఒప్పుకోదని అక్కడి కొనుగోలు ఫారం హెచ్చరిస్తుంది. మత్తు అలవాటును దాచి 2018లో తుపాకీ కొన్న కేసులో హంటర్ బైడెన్ 2024 జూన్‌లో దోషిగా తేలారు. ఆ డిసెంబరులో తండ్రి, అప్పటి అధ్యక్షుడు జో బైడెన్ క్షమాభిక్ష ఇచ్చారు. హెచ్-1బీ, స్టూడెంట్ వీసాల మీద వెళ్లిన మన పిల్లలకైతే వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప తుపాకీ కొనే అర్హతే ఉండదు.

సంతకం బరువు

ఈ ప్రాంతంలో మత్తంటే గంజాయి ఒక్కటే కాదు. అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు కూడా మనిషిని బానిసను చేస్తుంది. అది దొరకని రోజు వణుకు, వింత ప్రవర్తనతో ఆసుపత్రి పాలైనవారిని ఉమ్మడి నిజామాబాద్ జిల్లా ఎన్నోసార్లు చూసింది. ఎస్-3 ఫారంలోని ప్రశ్న వీరికీ వర్తిస్తుంది.

అందుకే డాక్టరు సంతకం మొక్కుబడి కాకూడదు. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. అంతకాలం తుపాకీ ఇంట్లోనే, భార్యాపిల్లల మధ్యే ఉంటుంది. పోలీసుల నివేదిక చూసి కలెక్టర్ నిర్ణయం తీసుకుంటారు. నిరాకరిస్తే కారణం రాసిపెట్టాలి, దరఖాస్తుదారు అప్పీలుకు వెళ్లొచ్చు. లైసెన్సు ఇచ్చాక మనిషి అనర్హుడని తేలితే 17వ సెక్షన్ కింద దాన్ని సస్పెండ్ చేయొచ్చు, రద్దూ చేయొచ్చు.

అలవాటు బయటపడితే కేసవుతుందని భయపడి చాలామంది చికిత్సకు దూరంగా ఉంటారు. మత్తు వాడిన కేసులో ఉన్న వ్యసనపరుడు తనంతట తానే చికిత్సకు ముందుకొస్తే ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఈ వివరం గాంధారి, లింగంపేట, ఎల్లారెడ్డి ప్రభుత్వాసుపత్రుల గోడల మీద పెద్ద తెలుగు అక్షరాల్లో కనిపించాలి.