మలుపులో పికప్ ట్రక్కు ముందు భాగపు శబ్దాలు

పికప్ ట్రక్కు మలుపు తిరుగునపుడు ముందు భాగం నుండి వచ్చే టకటక, కిర్రు, గుయ్యి వంటి శబ్దాలు సాధారణంగా చక్రాల బేరింగులు, కింగ్ పిన్నులు, స్టీరింగు కీళ్ళ అరుగుదలకు సూచనలు. పల్నాడు జిల్లా (2022 వరకు గుంటూరు జిల్లా) లోని కొండవీడు కోట ఘాట్ రోడ్డు, కోటప్పకొండ ఘాట్ రోడ్డు వంటి చోట్ల ఇవి త్వరగా బయటపడతాయి. పికప్‌లో సరుకు బరువు ఎక్కువగా వెనుక ఇరుసు మీద ఉంటుంది. కొండ దిగుతూ బ్రేకు వేసినపుడు ఆ బరువులో కొంత ముందుకు మళ్ళుతుంది. అందువలన మిర్చి టిక్కీలతో గుంటూరు యార్డుకు చదునైన రోడ్డుపై నిశ్శబ్దంగా వెళ్ళివచ్చిన బండి కూడా ఘాట్ రోడ్డులో చప్పుడు చేయవచ్చును.

నిర్మాణ భేదం

శబ్దాన్ని గుర్తించే ముందు బండి ఏ రకమో తెలుసుకొనవలెను. 2005లో విడుదలైన టాటా ఏస్‌లో శక్తి వెనుక చక్రాలకే అందుతుంది. ముందు వైపు ఒకే దృఢమైన ఇరుసు, కమాను కట్టలు ఉంటాయి. 2016 నుండి శ్రీసిటీలో తయారవుతున్న ఇసుజు వి-క్రాస్‌లో ముందు చక్రాలు దేనికది విడిగా కదులుతాయి. అక్కడ కింగ్ పిన్ను బదులు బాల్ జాయింట్లు ఉంటాయి. మలుపులో టకటక వినిపిస్తే సి.వి. జాయింటును అనుమానించాలని చాలా పుస్తకాలు చెబుతాయి. ముందు చక్రాలకు శక్తి అందే బండ్లకే ఈ సలహా వర్తిస్తుంది. ఏస్ వంటి బండికి ముందు వైపు ఆ జాయింటే లేదు.

శబ్దాలు, కారణాలు

వేగంతో పాటు పెరిగే గుయ్యిమను ధ్వని చక్రపు బేరింగుది కావచ్చును. ఎడమకు తిరిగినపుడు బరువు కుడి చక్రంపై పడుతుంది. కనుక ఎడమ మలుపులో ధ్వని పెరిగితే కుడి బేరింగును, కుడి మలుపులో పెరిగితే ఎడమ బేరింగును ముందుగా చూడవలెను. టైరు ఎగుడుదిగుడుగా అరిగినా ఇటువంటి ధ్వనే వస్తుంది. టైర్లను ముందువెనుకలకు మార్చి చూస్తే తేడా తెలుస్తుంది.

నిలిచిన బండిలో స్టీరింగు తిప్పగానే కిర్రుమంటే గ్రీజు అందని కింగ్ పిన్ను లేదా ఎండిన కమాను బుష్ కారణం కావచ్చును. స్టీరింగు బరువెక్కడం, మలుపు తరువాత తనంతట తాను వెనుకకు రాకపోవడం కూడా తోడైతే కింగ్ పిన్ను, దాని థ్రస్ట్ బేరింగుల మీద అనుమానం బలపడుతుంది. పవర్ స్టీరింగును చివరి వరకు తిప్పి పట్టినపుడు వచ్చే బుసబుస చాలావరకు సహజమైనదే. కీచుమంటే బెల్టు వదులుగా ఉన్నదో లేదో, మూలుగుతుంటే నూనె మట్టం తగ్గిందో లేదో చూడాలి.

గతుకులో గానీ మలుపులో గానీ ఒక్కసారి 'ఠక్' మనే దెబ్బను మాత్రం తేలికగా తీసుకోరాదు. టై రాడ్ ఎండ్, డ్రాగ్ లింకు, బాల్ జాయింటు, వదులైన చక్రపు నట్లు ఇందుకు కారణాలు. నట్లను చూడడానికి రెండు నిమిషాలు చాలు కనుక అక్కడే మొదలు పెట్టడం మంచిది.

పరీక్షించు విధానం

చదునైన నేలపై వెనుక చక్రాలకు అడ్డురాళ్ళు పెట్టి, ముందు ఇరుసును ఎత్తి, స్టాండ్లపై నిలపవలెను. కేవలం జాకీని నమ్మి క్రిందకు దూరరాదు. చక్రాన్ని పైన, క్రింద పట్టి ఊపినపుడు కదలిక ఉంటే మరొకరిని బ్రేకు తొక్కమనాలి. కదలిక ఆగితే లోపం బేరింగులో ఉన్నట్లు. ఆగకపోతే కింగ్ పిన్నులో లేదా బాల్ జాయింటులో ఉన్నట్లు. ప్రక్కలను పట్టి ఊపినపుడు మాత్రమే కదిలితే టై రాడ్ ఎండ్‌ను చూడాలి. డ్రాగ్ లింకు ఆటను మాత్రం బండి నేలపై ఉండగా, ఒకరు స్టీరింగును కొద్దిగా అటూ ఇటూ తిప్పుతుంటే మరొకరు కీలుపై చేయి ఆనించి గమనిస్తారు.

ప్రమాదం, మరమ్మతు

టై రాడ్ ఎండ్ ఊడిపోతే ఆ వైపు చక్రం స్టీరింగు అదుపు తప్పుతుంది. లోయ ప్రక్కన వంపులో అది జరిగితే బ్రేకు తప్ప చోదకునికి మరో ఆధారం ఉండదు. తిరునాళ్ళ సమయాలలో సరుకు బండ్లలో మనుషులను ఎక్కించడం చట్టవిరుద్ధమైనా ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. అటువంటి బండిలో ఈ లోపం ఎంత నష్టం తెస్తుందో ఊహించవచ్చు. కదలిక ఉన్నట్లు తేలిన టై రాడ్ ఎండ్‌ను గ్రీజుతో సరిపెట్టక మార్చవలసిందే. మార్చిన తరువాత వీల్ అలైన్‌మెంటు చేయించాలి. కింగ్ పిన్ను మార్చునపుడు బుష్‌లను కూడా మార్చి, పిన్నుకు సరిపడే కొలతకు రీమర్‌తో తొలిపిస్తారు. బిగుతుగా వదిలేస్తే కొత్త పిన్నుతోనే స్టీరింగు మళ్ళీ బరువెక్కుతుంది.