కొన్న యంత్రమునకు యజమాని యెవరు?



మన యూళ్లలో ధాన్యము దంచు మిల్లు గాని, బట్టలు కుట్టు మిషను గాని కొన్నవాడు, కొన్న దినము నుండియు దానికి సర్వాధికారి. చక్రమునకు నూనె పెట్టినను, పిడి మార్చినను, పదియేండ్లు తాకక యట్లే యుంచినను అడుగువారు లేరు. అమ్మిన కంపెనీవాడు అర్ధరాత్రి మన యింట జొరబడి, కుడివైపు పిడిని ఎడమకు మార్చిపోవునన్నచో మన తాతలు నవ్వియుందురు. ఇప్పుడు కంప్యూటరులకును, మన జేబులలోని ఫోనులకును జరుగుచున్నది సరిగా నదియే. దీనిని అప్‌డేట్ అందురు. రాత్రి పండుకొనునప్పుడు ఒకచోట నున్న మీట తెల్లవారునప్పటికి మరియొకచోట నుండును. నిన్న మన యిష్టమువచ్చినట్లు అమర్చుకొన్నది నేడు అమర్చుకొన వీలుపడదు. ఈ యలవాటు ఎక్కడ పుట్టి యెట్లు పెరిగినదో మనవి చేయుదును.

కంప్యూటరు కేవల మొక పెట్టె. దానిచే పనిచేయించునది సాఫ్ట్‌వేర్, అనగా యంత్రమునకు వ్రాసియిచ్చిన ఆజ్ఞల వరుస. మనుష్యులు చదివి దిద్దదగిన రూపమున నున్నప్పుడు దానిని సోర్సు అందురు. యంత్రము మాత్రమే చదువగల రూపమునకు మార్చిన పిదప దానిని దిద్దుట మిక్కిలి కష్టము. వంటకము వేరు, వండు విధము వేరు గదా! విధము తెలిసినవాడు ఉప్పు తగ్గించుకొనగలడు. వంటకము మాత్రమే దొరకినవాడు పెట్టినది తినవలసినదే.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున కృత్రిమ మేధా ప్రయోగశాల యొకటి యుండెను. అందు రిచర్డ్ స్టాల్మన్ అను యువకుడు పనిచేయుచుండెను. అచ్చుయంత్రము పనివారికి ఎడముగా నుండుటచే, కాగితము చిక్కుకొని యది యాగిపోయినను తెలియక జనులు కాచుకొని కూర్చుండెడివారు. స్టాల్మన్ ఆ యంత్రపు సోర్సును దిద్ది, అది యాగినంతనే కాచుకొన్నవారి తెరపై వార్త కనబడునట్లు చేసెను. 1980 ప్రాంతమున జిరాక్సు కంపెనీవారు కొత్త లేజరు అచ్చుయంత్రము నొకదానిని ఆ ప్రయోగశాలకు బహుమతిగా నిచ్చిరి. యంత్రము వేగమైనది, చక్కనిది. సోర్సు మాత్రము రాలేదు. మరల కాగితము చిక్కుచుండెను, మరల జనులు కాచుకొనుచుండిరి, దిద్ద నేర్చినవాడు చేతులు కట్టుకొని చూడవలసివచ్చెను. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున సోర్సు గలవా రొకరున్నారని విని స్టాల్మన్ పోయి యడుగగా, ఎవరికిని ఈయనని కంపెనీకి మాట యిచ్చితినని ఆయన చెప్పి పంపివేసెను. ఈ చిన్న సంగతి తన మనస్సును మార్చినదని స్టాల్మన్ పలుమారులు చెప్పియున్నాడు. 1983 సెప్టెంబరు 27వ తేదీన గ్నూ అను పేర, ఎవరైనను చదివి, దిద్ది, పంచుకొనదగిన వ్యవస్థను నిర్మింతునని అతడు ప్రకటించెను. ఆ హక్కులను కాపాడు జీపీఎల్ అను అనుమతి పత్రము 1989లో వెలువడినది.

తక్కిన కంపెనీలు పెక్కు వేరుత్రోవ త్రొక్కినవి. అవి సాఫ్ట్‌వేరును అమ్మవు. వాడుకొనుటకు అనుమతి నిచ్చును. పొలమును పట్టా చేసి యిచ్చుట వేరు, కౌలున కిచ్చుట వేరని మీకు నేను చెప్పనక్కరలేదు. రొక్కము చెల్లించి పెట్టెను ఇంటికి తెచ్చుకొన్నవాడు తాను పట్టాదారునని తలచును. పత్రములోని సన్నని యక్షరములు నీవు కౌలుదారువనుచున్నవి. ఐనను చాలకాలము ఈ భేదము ఎవరిని అంతగా బాధింపలేదు. ఏలన, కొత్త కూర్పు డిస్కులపై అంగడికి వచ్చెడిది. ఇష్టము లేనివాడు కొనక పాతదానితోనే కాలము గడపెడివాడు. ఇంటర్‌నెట్టు ఇంటింటికి వచ్చిన తరువాత అమ్మినవాని చేయి నేరుగా మన పెట్టెలోనికి చాగెను.

ఆ చేయి ఎంతవరకు పోగలదో తెలిపిన సంగతి యొకటి యున్నది. సోనీ కంపెనీ 2006 నవంబరులో ప్లేస్టేషన్ 3 అను ఆటయంత్రమును విడుదల చేసెను. అందు ఆటలే గాక, కోరినవాడు లినక్స్ వ్యవస్థను కూడ ఎక్కించుకొని దానిని కంప్యూటరుగా వాడుకొనవచ్చునని కంపెనీయే చెప్పెను. ఆ మాట నమ్మి కొన్నవారు పలువురు. అమెరికా వాయుసేన పరిశోధకులు సైతము ఇట్టి యంత్రములను 1,760 కలిపి న్యూయార్కు రాష్ట్రమందలి రోమ్ పట్టణమున నొక మహాకంప్యూటరును నిర్మింప బూనుకొనిరి. అంతలో 2010 ఏప్రిలు 1వ తేదీన వచ్చిన 3.21 అను అప్‌డేట్ ఆ లినక్స్ వసతిని తొలగించెను. భద్రత కొరకని కారణము చెప్పిరి. వలదన్నవాడు ఎక్కించుకొననక్కరలేదనియు అనిరి. కాని యట్టివానికి నెట్టుపై ఇతరులతో ఆడుకొను వసతి పోవును. డబ్బిచ్చి కొన్న రెండు హక్కులలో ఏదో యొకటి నీ చేతితోనే వదలుకొనుమన్నమాట! అమెరికాలో కొన్నవారు దావా వేసిరి. అది యేండ్ల తరబడి సాగి 2018లో 37 లక్షల 50 వేల డాలర్ల రాజీతో ముగిసెను. తీసివేసిన వసతి మాత్రము తిరిగి రాలేదు.

తెర రూపు విషయమును క్షుణ్ణముగా చెప్ప సమయము చాలదు. 1995 ఆగస్టున విండోస్ 95తో వచ్చిన స్టార్టు మీటకు కోట్లాది జనుల చేతులు పదునేడేండ్లు అలవాటుపడినవి. 2012 అక్టోబరులో వచ్చిన విండోస్ 8 దానిని తీసివేసెను. జనులు గగ్గోలు పెట్టిరి. మరుసటి యేడు మీట మాత్రము వచ్చెను. పాత పట్టికను పోలినది 2015లో గాని రాలేదు. సోర్సు బహిరంగముగా నున్నచోట ఇట్టి కలహమే మరియొక విధముగా తీరినది. లినక్స్ వారి గ్నోమ్ అను తెర వ్యవస్థ 2011 ఏప్రిలున మూడవ కూర్పునకు మారి, వాడువారు దిద్దుకొను వీలులను పెక్కింటిని తగ్గించెను. లినక్స్ సృష్టికర్తయగు లైనస్ టోర్వాల్డ్స్ సైతము విసిగి కొంతకాలము దానిని వదలెను. అర్జెంటీనా దేశీయుడొకడు మాత్రము గొణుగుచు కూర్చుండక, రెండవ కూర్పు సోర్సును గైకొని, మాటే యను తమ ప్రాంతపు పానీయము పేరు పెట్టి దానిని బ్రదికించెను. ఒకరి అనుమతి అక్కరలేకపోయెను. ఆ స్వేచ్ఛచేతనే హైదరాబాదునందలి స్వేచ్ఛ యను సంస్థవారు తెరపై మాటలను తెలుగున వ్రాసి తెలుగు కూర్పును వెలువరింపగలిగిరి.

ఇక అవతలి పక్షమును విననిది న్యాయము కాదు. 2017 మార్చి 14వ తేదీన మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోసులోని లోపమునకు మరమ్మతు పంపెను. మే 12వ తేదీన వానాక్రై అను దుష్ట సాఫ్ట్‌వేర్ ఆ లోపముగుండానే ప్రపంచమున 150 దేశములలో జొరబడినది. ఇంగ్లండు ఆసుపత్రులు రోగులను వెనుకకు పంపవలసివచ్చెను; మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటరులును కొన్ని దెబ్బతినెను. మరమ్మతును వేసికొననివారే చెడిరి. కావున అప్‌డేట్‌లే వలదనుట తెలివి కాదు. నా యభిప్రాయమున తప్పు మరియొకచోట నున్నది. ఇల్లు కురియుచున్నదని పిలువగా వచ్చిన తాపీవాడు, కప్పుతోపాటు తూర్పు వాకిలిని పడమటికి మార్చి, రెండును కలిపియే తీసికొనవలెనన్నచో ఒప్పుకొందుమా? వాస్తు మాట అటుండనిండు. వాకిలి మనది కదా!

విండోస్ 10 ఆ తాపీవాని వంటిది. 2015 జూలైలో వచ్చిన ఆ కూర్పున ఇండ్లలో వాడువారికి అప్‌డేట్‌ను వలదను వీలు లేకపోయెను. 2016లోనైతే, కొత్త కూర్పు ఎక్కింతుమను ప్రకటనను మూసివేయుటకు అడ్డగీత గుర్తును నొక్కినవారికి సైతము, వలదన్నట్లు గాక సరేయన్నట్లు ఎంచి ఎక్కించిరి. హద్దు మీరితిమని కంపెనీ పెద్ద యుద్యోగి యొకరు ఆ యేటి డిసెంబరున ఒప్పుకొనిరి. 2018 అక్టోబరున వచ్చిన అప్‌డేట్ కొందరి దస్త్రములనే తుడిచివేయగా దానిని కొలది దినములలో వెనుకకు తీసికొని, నవంబరు 13న మరల విడుదల చేసిరి. ఆ మరుసటి యేడు ఇండ్లలో వాడువారికిని ఒక వీలు కల్పించిరి: ఏడేసి దినముల చొప్పున అయిదుమారులు, అనగా ముప్పదియైదు దినములు, అప్‌డేట్‌ను ఆపగలిగెడివారు. ఆ గడువు తీరిన పిదప మరల ఆపవలెనన్నచో, ముందు వచ్చినదానిని ఎక్కించుకొని తీరవలెనని నాటి నియమము.