కాస్త ముందు నడిచినవాళ్లు: విశ్వవిద్యాలయ అధ్యాపకుల మార్గదర్శక సంబంధాల్లో వచ్చే మార్పు

విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన అధ్యాపకుణ్ణి నీకు దారి చూపింది ఎవరని అడిగితే చాలాసార్లు పీహెచ్‌డీ గైడ్ పేరే చెబుతాడు. రాసిన వ్యాసాన్ని మొదట ఎవరికి చూపిస్తావు, డిపార్ట్‌మెంటులో ఇబ్బంది వస్తే ఎవరి దగ్గరికి వెళ్తావు, బయటి సంస్థలో నీ గురించి ఎవరు చెప్పారు అని విడివిడిగా అడిగితే వేరే పేర్లు బయటికొస్తాయి. పదేళ్ల తర్వాత ఇవే ప్రశ్నలు వేస్తే ఆ పేర్లూ మారిపోతాయి. ఈ మార్పులో మనకన్నా నాలుగైదేళ్లు మాత్రమే ముందున్న సహచరుల పాత్ర చాలా పెద్దదనీ, మన విధానాల్లో దానికి తగిన చోటు లేదనీ ఈ వ్యాసం వాదన.

ఈ రంగంలో పునాది వేసింది క్యాథీ క్రామ్. మార్గదర్శక సంబంధం మొదలై, బలపడి, విడివడి, చివరికి మరో రూపం తీసుకుంటుందని 1983లో ఆమె నాలుగు దశలుగా చెప్పారు. ఆమె పరిశీలించింది ఒక వ్యాపార సంస్థ ఉద్యోగులను. లిన్ ఇసబెల్లాతో కలిసి 1985లో సమస్థాయి సహోద్యోగుల సంబంధాలను, మోనికా హిగిన్స్‌తో కలిసి 2001లో ఒకే గురువుకు బదులు పలువురితో ఏర్పడే వలయాన్ని చర్చించారు. తర్వాత అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం, ఆమ్‌హర్స్ట్, మెలన్ ఫౌండేషన్ సాయంతో అధ్యాపకులే జట్లు కట్టి పరస్పరం మార్గదర్శకులయ్యేలా చిన్న గ్రాంట్లు ఇచ్చింది.

ఇలా సహచరులే దారి చూపడానికి మన దేశంలో చక్కని ఉదాహరణ కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసిన సి.ఆర్. రావు 1941లో అక్కడ చేరడం యాదృచ్ఛికం. ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం కలకత్తా వెళ్తే, ఆ సంస్థలో శిక్షణ పొందుతున్న ఒక కొత్త పరిచయస్థుడి ద్వారా దాని సంగతి తెలిసింది. సంస్థ స్థాపకుడు మహలనోబిస్ ఆయన్ను చేర్చుకున్నారు. 1946లో కేంబ్రిడ్జి వెళ్లి, అక్కడి మ్యూజియంలో పనిచేస్తూనే రోనాల్డ్ ఫిషర్ దగ్గర 1948లో డాక్టరేట్ పూర్తిచేశారు. అయితే క్రామర్-రావు అసమానత ఉన్న ప్రసిద్ధ వ్యాసం అంతకుముందే, 1945లోనే వచ్చింది. గైడ్ పేరును బట్టి ప్రభావాన్ని లెక్కగడితే ఈ వరుస తలకిందులవుతుంది.

1950ల చివరికి రావు స్వయంగా గైడ్ అయ్యారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివిన ఎస్.ఆర్.ఎస్. వరదన్ 1959లో ఆయన దగ్గర చేరారు. పరిశ్రమల్లో నాణ్యతా నియంత్రణకు పనికొచ్చే గణాంకశాస్త్రం చేయాలన్నది వరదన్ మొదటి ఆలోచన. దాన్ని మార్చింది కె.ఆర్. పార్థసారథి, రంగారావు, వి.ఎస్. వరదరాజన్. వాళ్లంతా కొద్దిగా సీనియర్లు. ఏం చదవాలో, ఏ సమస్య పట్టుకోవాలో తమలో తాము చెప్పుకుంటూ, ఒకరికొకరు పాఠాలు చెప్పుకుంటూ సంభావ్యతా సిద్ధాంతంలోకి వెళ్లారు. రావు పక్కకు తప్పుకుని ఆ స్వేచ్ఛ ఇవ్వడం నా దృష్టిలో చిన్న సాయం కాదు. గైడ్ తన సొంత సమస్యనే శిష్యుడి నెత్తిన పెట్టడం మామూలైన చోట ఇది మరీ విలువైనది.

తర్వాతి మలుపులు వేగంగా వచ్చాయి. వరదన్ థీసిస్‌కు పరీక్షకుల్లో ఒకరు రష్యన్ గణితవేత్త కొల్మొగొరోవ్. 1963లో న్యూయార్క్‌లోని కూరాంట్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లాక వరదన్‌కు అక్కడ మన్రో డాన్‌స్కర్ పెద్దదిక్కయ్యారు. కొన్నేళ్లకు దాదాపు తన ఈడువాడే అయిన డేనియల్ స్ట్రూక్‌తో కలిసి పనిచేశారు. 1970ల మధ్యకు వచ్చేసరికి డాన్‌స్కర్ కూడా పెద్దరికం వదిలి సహరచయిత అయ్యారు. క్రామ్ చెప్పిన చివరి దశ ఇదే. పాత జట్టు కూడా చెదిరిపోలేదు. పార్థసారథి, రంగారావు, వరదరాజన్ కలిసి రాసిన వ్యాసం 1967లో ‘ఆనల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్’లో వచ్చింది. పీఆర్‌వీ ప్రతిపాదనగా పేరొందిన ఊహకు మూలం అదే.

ఇంతటి ప్రతిభావంతులు ఒక్కచోట చేరడం అరుదు. దాన్ని సూత్రంగా తీసుకోలేం. పైగా వరదన్, ఆ ముగ్గురు సీనియర్లూ కలకత్తాలో ఉన్నప్పుడు పరిశోధకులే, పూర్తిస్థాయి అధ్యాపకులు కారు. అయినా అక్కడి అమరికను పరిశీలించవచ్చు. కొత్తవాడు సిగ్గుపడకుండా తన తెలివితక్కువ ప్రశ్న అడగగలిగేది పదోన్నతి ఫైలుపై సంతకం చేసే ప్రొఫెసరును కాదు. నిన్నటిదాకా అదే ప్రశ్నతో తంటాలుపడినవాణ్ణి.

జాతీయ విద్యావిధానం 2020 మార్గదర్శకత్వానికి ఒక జాతీయ మిషన్ పెట్టాలంది. అందులో ప్రతిపాదించింది సీనియర్, పదవీవిరమణ చేసిన అధ్యాపకుల బృందాన్ని. వారి అనుభవం అవసరమే. కానీ తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి రెగ్యులర్ నియామకాలు ఆగిన డిపార్ట్‌మెంట్లలో ఒక వైపు విరమణకు దగ్గరపడ్డ ప్రొఫెసర్లు, మరో వైపు కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకులు మిగిలారు. మధ్య వరుస పలచబడింది. ఖాళీ పోస్టుల గురించి మాట్లాడేటప్పుడు బోధన గంటలే లెక్కిస్తాం. కొత్తవాడికి ముందు నడవాల్సిన ఆ నాలుగైదేళ్ల సీనియర్ లేకపోవడం ఏ లెక్కలోకీ రాదు. ఒకేసారి వందమందిని నియమించినా ఈ లోటు వెంటనే తీరదు, ఎందుకంటే ఆ వందమందీ ఒకే వరుసలో నిలబడతారు. ఏటా కొద్దిమందినైనా తీసుకుంటూ ఉంటేనే వరుసల మధ్య ఆ దగ్గరితనం ఏర్పడుతుంది.