గంధకము నడచు త్రోవ

ఆవపిండి ఘాటునకును, ఉల్లిపాయ తెప్పించు కన్నీటికిని, కుళ్లిన గ్రుడ్డు కంపునకును మూలము గంధకమే. మన దేహమందలి మాంసకృత్తులలో సైతము నిది కలదు. మన రసవైద్యులు దీనిని పాదరసముతో గలిపి మందులు చేసిరి. కాని యీ పదార్థము నేలనుండి కడలికిని, కడలినుండి మరల నేలకును ఎట్లు చేరుచున్నదో తెలియుటకు చాల కాలము పట్టినది.

కడలికి బోవు మార్గము సుగమమే. శిలలు శిథిలమైనపుడు వానిలోని గంధకము ప్రాణవాయువుతో గూడి, సల్ఫేటు రూపమున నదులవెంట సముద్రమును జేరును. లీటరు సముద్రజలములో రమారమి 2.7 గ్రాముల సల్ఫేటు కలదు. గాలి సోకని అడుగు బురదలో కొన్ని సూక్ష్మజీవులు దీనిని హైడ్రోజన్ సల్ఫైడు అను దుర్వాయువుగా మార్చును. మఱికొన్ని సూక్ష్మజీవులకు ఆ దుర్వాయువే జీవనాధారమని 1887లో రష్యా దేశీయుడగు వినోగ్రాడ్‌స్కీ నిరూపించెను. ఒక జీవి విసర్జించినది మఱియొక జీవికి అన్నమైనది.

తిరుగు త్రోవయే చిక్కు తెచ్చినది. అగ్నిపర్వతములు వెలిగ్రక్కు గంధకముతో లెక్క సరిపడలేదు. హైడ్రోజన్ సల్ఫైడే కడలినుండి గాలిలోనికి లేచుచున్నదని పండితులు చిరకాలము తలచిరి. కాని ప్రాణవాయువు గల సముద్రజలములో నా వాయువు నిలువదు. 1935లో హాస్ అను రసాయనజ్ఞుడు ఒక ఎఱ్ఱ సముద్రపు నాచునుండి డైమిథైల్ సల్ఫైడు అను వేఱొక వాయువు వెలువడుటను గమనించెను. 1948లో చాలెంజర్, సింప్సన్ అనువారు దాని మాతృపదార్థమును గుర్తించిరి. ఇది గంధకపు లెక్కకు ఉపకరించునని అప్పటికి ఎవరికిని తోచలేదు. 1971 చివర జేమ్స్ లవ్‌లాక్ షాకల్టన్ అను నౌకపై ఇంగ్లండునుండి దక్షిణధ్రువ దిక్కునకు బయలుదేరి, దారిపొడవున నీటిని పరీక్షించి, ఆ వాయువు తీరమునందే కాక నడిసముద్రమందును ఉన్నదని కనుగొనెను. 1972లో ఫలితములు ప్రకటితమయ్యెను. కంటికి కనబడని నీటి మొక్కలు పుట్టించు ఈ వాయువు గాలిలో సల్ఫేటు కణములై, మేఘబిందువులకు బీజమై, వానతో నేలకు దిగును.

ఈ ప్రాచీనచక్రమున మానవుడు బొగ్గుపొగతో జొరబడెను. మాంచెస్టరు నగరపు వాననీటిలో గంధకామ్లము గలదని 1852లోనే రాబర్ట్ ఆంగస్ స్మిత్ ప్రకటించెను. శతాబ్ది గడచినను పొగ తగ్గలేదు. 1952 డిసెంబరులో లండనును గప్పిన పొగమంచున కొలదిదినములలో 4,000 మంది మరణించినట్లు నాడు లెక్కించిరి. నిజసంఖ్య అంతకు మిక్కిలి యధికమని తరువాతివారు తేల్చిరి. పిదప 1956లో శాసనము వచ్చెను. ఒక దేశపు పొగ మఱియొక దేశపు సరస్సులను ఆమ్లమయము చేయుచున్నదని 1967లో స్వీడనువాడగు స్వాంటే ఓడెన్ చాటెను. 1985లో పలు ఐరోపా దేశములు గంధకపు పొగను నూటికి 30 వంతులు తగ్గింప నొడంబడెను. పొగ మిక్కిలి తగ్గిన పిమ్మట అచ్చటి రైతులు కొన్ని పైరులకు గంధకమును ఎరువుగా వేయవలసివచ్చెను. మన వేరుసెనగ రైతులు జిప్సము చల్లుటలో గల ప్రయోజనములలో నిదియు నొకటి. పైరునకు గంధకము కావలెను. దానిని చేనికి నేరుగా వేయవచ్చును, బిడ్డల ఊపిరితిత్తుల మీదుగా పంప నక్కఱలేదు.

మన దేశమున బొగ్గు విద్యుత్కేంద్రముల గంధకపు పొగకు 2015లో పరిమితి విధింపబడెను. గడువు పలుమార్లు పొడిగింపబడి, 2025లో అనేక కేంద్రములకు మినహాయింపు లభించెను. మన బొగ్గులో గంధకము స్వల్పమని సమాధానము చెప్పుదురు. పాలు స్వల్పమే కావచ్చును; కాని కాల్చు బొగ్గు కోట్లకొలది టన్నులు. మాంచెస్టరు వాననీటిని పరీక్షించిన నూరేండ్లకు గాని ఆంగ్లేయులు మేల్కొనలేదు. ఆ యనుభవము మన కన్నులయెదుట నుండగా మనమును అన్నియేండ్లు వేచియుండుట తగునా? చదువరులు యోచింతురు గాక.