మైసూరు రోడ్‌కింగ్, మొగిలి ఘాటు

స్పోర్ట్స్ టూరింగ్ బండి అంటే ఇప్పుడు అందరికీ పెద్ద ఫెయిరింగు, పక్కన పెట్టెలు, లక్షల ధర గుర్తొస్తాయి. ఈ జాతికి పేరు తెచ్చిన బళ్లలో జర్మనీ బీఎండబ్ల్యూ ఆర్ 100 ఆర్ఎస్ ఒకటి, 1976లో వచ్చింది. 70 హార్స్ పవర్. వేగంగా పోవాలి, దూరం పోవాలి, దిగేటప్పటికి నడుము మిగలాలి. అంతే దాని లెక్క.

రెండేళ్లకు అదే లెక్క మన మైసూరులోనూ వేశారు, 16 హార్స్ పవర్‌తో!

ఇరానీ కుటుంబం పెట్టిన ఐడియల్ జావా ఫ్యాక్టరీని 1961లో జయచామరాజ ఒడెయరు ప్రారంభించారు. జావా చెకోస్లొవేకియా బండి. జానెచెక్ అనే యజమాని, వాండరర్ అనే జర్మన్ కంపెనీ, ఈ రెండు పేర్ల మొదళ్లు కలిపితే జావా. 1973 నుంచి పేరు యెజ్డీ అయింది. రోడ్‌కింగ్ 1978లో వచ్చింది: 250 సీసీ, టూ స్ట్రోకు, రెండు సైలెన్సర్లు. గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ రాడ్డు అవుతుంది. తెలియనివాళ్లు కిక్ ఎక్కడుందని బండి చుట్టూ తిరిగేవాళ్లు.

మాది కోలారు పక్క. చుట్టాలంతా చిత్తూరు, తిరుపతి వైపు. పెళ్లి పత్రికైనా, సంబంధం మాట్లాడాలన్నా, మా చిన్నాయన రోడ్‌కింగ్ తీసేవాడు. ముళబాగిలు, నంగిలి, పలమనేరు, అక్కడినించి మొగిలి ఘాటు దిగితే చిత్తూరు.

ఆ దిగుడులోనే అసలు పనితనం. టూ స్ట్రోకులో ఆయిలు పెట్రోల్లోనే కలిపి పోస్తాము. యాక్సిలేటర్ మూస్తే పెట్రోలుతో పాటు ఆయిలూ తగ్గిపోతుంది, ఇంజను మాత్రం వాలులో తిరుగుతూనే ఉంటుంది. ఎక్కువసేపు అట్లా పోతే పిస్టన్ పట్టేస్తుంది. అందుకే చిన్నాయన మధ్యమధ్యలో క్లచ్ పట్టి ఒకసారి రేజ్ చేసేవాడు. ఇంజను బ్రేకింగు తక్కువ, ఉండేవి డ్రమ్ము బ్రేకులు, అవి కాలిన వాసన వస్తే చెట్టు కింద ఆపేవాడు. నేను టెస్టర్ని, రోజూ చేసేది ఏది ఎప్పుడు చెడుతుందో ముందే చూడడం. ఆ పని మొదట చూసింది ఆ ట్యాంకు మీద కూర్చునే.

నేను చదివింది కన్నడ మీడియం. నా తెలుగు బడిలో వచ్చింది కాదు, ఆ బండి దిగినచోట అవ్వలు, మామలు మాట్లాడగా వచ్చింది. బస్సులో అయితే ఏడాదికి రెండుసార్లు పోయేవాళ్లమేమో. బండి ఉంది కాబట్టి నెలకోసారి.

1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాక జనం మైలేజీ చూడడం నేర్చారు. టూ స్ట్రోకు పొగ మీద నిబంధనలు కూడా బిగిశాయి. 1996లో మైసూరు ఫ్యాక్టరీ ఆగిపోయింది. యెజ్డీ పేరు 2022లో మళ్లీ వచ్చింది, ఫోర్ స్ట్రోకు ఇంజనుతో. మంచి బళ్లే, కానీ ఆ డబ్‌డబ్ శబ్దం లేదు.

చిన్నాయన మోకాలు ఇప్పుడు కిక్ కొట్టనివ్వదు. బండి అమ్మేద్దామని ఇంట్లో మాట నడుస్తోంది. పాయింట్లు సరిచేసే మేస్త్రీ కోలారులో ఒక్కాయనే మిగిలాడు, ఆయనకూ డెబ్బై దాటింది. ఆదివారాలు ఆయన దగ్గర కూర్చుని నేర్చుకుంటున్నాను. అంతదాకా అమ్మొద్దని చెప్పాను.

మీ ఇంట్లో ఇట్లా రెండు రాష్ట్రాల మధ్య తిరిగిన జావా, యెజ్డీ ఉంటే ఫోటో పంపండి. ఏ ఊరినించి ఏ ఊరికో కూడా రాయండి.