నాంపెన్ పతనం (1975)

కంబోడియా రాజధాని నాంపెన్ 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు గెరిల్లాల వశమైంది. తిరుగుబాటుదారులు రాజధానిని పట్టేది సాధారణంగా అక్కడ కూర్చుని ఏలడానికి. వీళ్లు మాత్రం గెలిచిన రోజే ఊరిని ఖాళీ చేయించడం మొదలుపెట్టారు.

ఇది అయిదేళ్ల అంతర్యుద్ధానికి ముగింపు. 1970 మార్చిలో జనరల్ లాన్ నోల్ వర్గం దేశాధినేత సిహనూక్‌ను గద్దె దించింది. సిహనూక్ బీజింగ్ చేరి, అంతవరకూ తాను అణచివేసిన కమ్యూనిస్టులతోనే చేతులు కలిపాడు. ఆయన పేరు విని పల్లె జనం అడవిబాట పట్టారు. పోరాటాలకూ, లాన్ నోల్ పక్షాన అమెరికా వేసిన బాంబులకూ భయపడి ఎందరో రాజధానికి వలస వచ్చారు. 1975 నాటికి నగర జనాభా 20 లక్షలు దాటింది.

ఆ జనానికి తిండి మెకాంగ్ నది మీదే రావాలి. ఆ ఏడాది జనవరి 1న ఆఖరి దాడి మొదలుపెట్టిన గెరిల్లాలు నదిలో మందుపాతరలు పెట్టి, గట్ల మీంచి కాల్పులు జరిపి సరుకు పడవలను ఆపేశారు. ఇక పోచెంటాంగ్ విమానాశ్రయమే దిక్కు. అమెరికా విమానాలు అక్కడ బియ్యం దించుతుంటే రాకెట్లు పడుతుండేవి. ఏప్రిల్ 1న లాన్ నోల్ దేశం విడిచాడు. 12న అమెరికా రాయబారి, సిబ్బంది హెలికాప్టర్లలో వెళ్లిపోయారు. మాజీ ప్రధాని సిరిక్ మతక్‌ను తమతో రమ్మన్నారు. ఆయన రానన్నాడు. గెలిచినవాళ్లు ఆయన్ను చంపేశారు.

కంబోడియా కొత్త సంవత్సరం పండగ అప్పుడే ముగిసింది. నల్ల దుస్తులు, గళ్ల తువ్వాళ్లు, టైరు చెప్పులతో గెరిల్లాలు నగరంలోకి వచ్చారు. వాళ్లలో చాలామంది పసిమొహాల కుర్రాళ్లే. యుద్ధం అయిపోయిందన్న సంతోషంతో జనం తెల్లగుడ్డలు ఊపారు.

ఆ సంతోషం పూట కూడా నిలవలేదు. అమెరికా బాంబులు వేయబోతోందని, రెండు మూడు రోజులు ఊరు వదలాలని ఆజ్ఞ వచ్చింది. అది అబద్ధం. ఆస్పత్రుల్లోని రోగులను కూడా వదల్లేదు. కదల్లేనివాళ్లను మంచాలతో సహా రోడ్డు మీదికి తోసుకెళ్లారు. మండుటెండలో నడవలేక దారిలోనే రాలిపోయినవాళ్లు ఎందరో. నగరాలు పల్లెల రక్తం తాగి బతుకుతాయన్నది ఖ్మేర్ రూజ్ నమ్మకం. డబ్బు రద్దయింది, జాతీయ బ్యాంకును పేల్చేశారు, నగరంలోని తువోల్ స్లెంగ్ బడి చిత్రహింసల జైలైంది. నాలుగేళ్లు నిండకుండానే దేశంలో 15 నుంచి 20 లక్షల మంది చనిపోయారని అంచనా.

1979 జనవరి 7న వియత్నాం సేనలు వచ్చేసరికి నాంపెన్ దాదాపు నిర్మానుష్యంగా ఉంది. ఖ్మేర్ రూజ్ అగ్రనేత పోల్ పాట్ 1998లో, ఏ అంతర్జాతీయ విచారణకూ నిలబడకుండానే చనిపోయాడు. నాంపెన్‌లో ఐక్యరాజ్యసమితి సాయంతో ఏర్పడిన ప్రత్యేక న్యాయస్థానం 2014 ఆగస్టులో ఖ్మేర్ రూజ్ నేతలు నువోన్ చియా, ఖియూ సంఫాన్‌లకు యావజ్జీవ శిక్ష వేసింది. రుజువైన నేరాల్లో నగరాన్ని ఖాళీ చేయించడం కూడా ఒకటి. అప్పటికి ఇద్దరికీ ఎనభై ఏళ్లు దాటాయి.